తొమ్మిది గుర్తులు ‘కొన్ని’ ఎలా అయ్యాయి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు
జవాబులు ఇస్తున్నది: రెవెన్యూ శాఖలో టైపిస్టుగా చేరి, తహసీల్దారుగా రిటైరై, హనుమకొండలో ఉంటున్న మీ అక్క

పోయిన నెల ఈ పేజీలో ‘స్వల్ప లాఠీచార్జి’ అనే మాట గురించి రాశాను. తల పగిలి కుట్లు పడిన మనిషి పొద్దున పేపర్లో ఆ ‘స్వల్ప’ చదువుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమన్నాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలావరకు దాని చుట్టే తిరిగాయి. మనుషులకు జరిగిన అన్యాయాన్ని సర్కారు కాగితం మీద ఏ భాషలో రాస్తారు, ఎవరు ఎందుకు మెత్తబరుస్తారు అని అడిగారు. అందుకే ఈసారి పాసు పుస్తకాలు, మ్యుటేషన్ల ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. అవి పంపినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల తప్పకుండా చూస్తాను.

ప్రశ్న: మేడం గారూ, నేను భూపాలపల్లి వైపు ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. హాస్టల్ పిల్లల నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ కలిపి పైకి పంపే నివేదిక నేనే టైపు చేస్తాను. ఈమధ్య ఏడో తరగతి పాప ఇచ్చిన కాగితంలో ‘వార్డెన్ మేడం కర్రతో కొట్టింది, రాత్రి అన్నం పెట్టలేదు, స్టోర్ రూములో పెట్టి గొళ్లెం వేసింది’ అని ఉంది. మా సారు దాన్ని ‘విద్యార్థిని పట్ల కొంత కఠినంగా వ్యవహరించినట్లు తెలియవచ్చింది’ అని మార్చమన్నారు. ‘భాష కొంచెం తగ్గించమ్మా, కమిషన్‌కు పోయే కాగితం’ అన్నారు. సారు చెడ్డవారు కాదు. నేను మార్చి టైపు చేశాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నాది తప్పా? నా కాంట్రాక్టు మార్చిలో రెన్యువల్ కావాలి.
– ఒక సోదరి, భూపాలపల్లి జిల్లా

జవాబు: బిడ్డా, నువ్వు కూర్చున్న కుర్చీలో నేనూ కూర్చున్నాను. అది ముందు చెప్తాను, సలహా తర్వాత.

1990ల్లో నేను ఒక మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటును. మా ఎమ్మార్వో సారుకు మేజిస్ట్రేటు అధికారం ఉండేది కాబట్టి అనుమానాస్పద చావులకు శవపంచనామా చేయమని పిలుపు వచ్చేది. సారు చెప్పేవారు, నేను రాసేదాన్ని. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ప్రతిసారీ నన్నే తీసుకుపోయేవారు. ఒకరోజు పొద్దున్నే జీపు వచ్చింది. రాత్రి ఒక పోలీసు స్టేషన్లో ఉన్న మనిషి తెల్లారేసరికి పోయాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మార్చురీలో గుడ్డ తీశారు, బోర్లా తిప్పారు. వీపు మీద, తొడల వెనక పొడుగాటి గుర్తులు. ఒక్కో గుర్తు దగ్గర రెండు ఎర్రని గీతలు పక్కపక్కన, మధ్యలో చర్మం పాలిపోయి ఉంది. కర్రతో కొడితే అట్లాగే పడుతుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలియకపోయినా లెక్క మాత్రం పెట్టాను. తొమ్మిది.

‘తొ’ అని రాయబోతున్నాను. సారు నా పెన్ను వైపు చూసి, ‘కొన్ని అని రాయమ్మా, డాక్టరు ఎట్లాగూ లెక్కపెడతాడు’ అన్నారు. రాశాను. ‘శరీరముపై కొన్ని కమిలిన గుర్తులు కలవు.’ పంచులు సంతకాలు పెట్టారు. బయట వేపచెట్టు కింద అతని తల్లి కూర్చుని ఉంది. మేము జీపు ఎక్కుతుంటే లేచి వచ్చి నా కొంగు పట్టుకుంది. ‘అరికాళ్లు సూసిండ్రా అమ్మా?’ అని అడిగింది.

చూడలేదు. పాదాలకు గుడ్డ చుట్టి ఉంది. విప్పమని సారు అనలేదు, నేను అడగలేదు.

మీ సారు చెడ్డవారు కాదని రాశావు. మా సారూ చెడ్డవారు కాదు. రిటైరయ్యేదాకా ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. ఆయనకు ఆ పొద్దున ఎవరైనా ఫోన్ చేశారో, చేస్తారేమోనన్న టెన్షనో నాకు తెలియదు. ఆ కాగితం మీద మాత్రం తొమ్మిది పోయి ‘కొన్ని’ మిగిలింది, అది నా దస్తూరిలోనే ఉంది.

ఇప్పుడు నీ వాక్యం చూద్దాం. ‘విద్యార్థిని పట్ల కొంత కఠినంగా వ్యవహరించినట్లు తెలియవచ్చింది.’ ఇందులో వార్డెన్ లేదు. కర్ర లేదు, అన్నం లేదు, గొళ్లెం లేదు. ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పే మాటలన్నీ పోయి, వాటి చోట ‘కొంత’ వచ్చి కూర్చుంది. పైన చదివే అధికారి దీన్ని చూసి ఏం చేయగలడు? ‘వార్డెన్‌కు తగు సూచనలు ఇవ్వడమైనది’ అని మెమో వేసి ఫైలు మూస్తాడు. అదే గొళ్లెం అన్న మాట ఉంటే ఏ గది, ఎన్ని గంటలు, ఎవరు వేశారు, ఎవరు తీశారు అని అడగక తప్పదు. పాప రాసిన ఆ ఒక్క మాట వెనకాల నాలుగు ప్రశ్నలు వస్తాయి. భాష తగ్గిస్తే ఆ నాలుగు ప్రశ్నలూ పోతాయి.

సారుతో గొడవ పడమని నేను చెప్పను. నీకు పనికొచ్చేవి చెప్తాను. ఒకటి, పాప మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టు, ‘అని విద్యార్థిని ఫిర్యాదులో పేర్కొన్నది’ అని ముగించు. అప్పుడు అది ఆఫీసు మాట కాదు, పాప మాట. దాన్ని తగ్గించే హక్కు ఎవరికీ లేదని సారుకూ తెలుసు. ఆ మాటలు మరీ గట్టిగా ఉన్నాయని ఆయన అంటే, ‘సార్, చట్టంలో ఉన్న మాటే పెడదామా’ అని అడుగు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ‘శారీరక దండన’, ‘మానసిక వేధింపు’ అనే ఉంది. ‘కఠిన వ్యవహారం’ అనేది అక్కడ లేదు. గదిలో పెట్టి గొళ్లెం వేస్తే దాని పేరు ‘అక్రమ నిర్బంధం’, భారతీయ న్యాయ సంహితలో 127వ సెక్షన్. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లే పిల్లలను హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. చట్టం తన పనికి మెత్తని మాటలు ఎంచుకోలేదు, ఆఫీసువాళ్లం మనమెందుకు ఎంచుకోవాలి?

ఇంకొకటి. నివేదికకు పాప ఇచ్చిన కాగితం జిరాక్సు జత చేయి. ఇప్పటికే పోయిన నివేదికకు కూడా ‘జతపరచవలసిన ఫిర్యాదు ప్రతి పొరపాటున జతపరచలేదు, ఇందుతో పంపడమైనది’ అని ఒక చిన్న లేఖ పెట్టొచ్చు. ఆఫీసుల్లో రోజూ జరిగే పనే అది, ఎవరికీ తప్పుగా కనిపించదు. మాట మార్చమని నోటితో చెప్పినప్పుడు నోట్ ఫైల్‌లో ‘సూచించిన మేరకు ఫలానా పేరాలో మార్పు చేయడమైనది’ అని మర్యాదగా ఒక వాక్యం రాసి పెట్టు. నోట్ ఫైల్ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. ఆ వాక్యం అక్కడ పడుతుందని తెలిసినప్పుడు చాలామంది అధికారులు మార్పు అవసరం లేదులే అంటారు. నేను తహసీల్దారుగా ఉండగా నా కింది ఉద్యోగి ఒకమ్మాయి నాకే అట్లా చేసింది. కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. ఆమెదే న్యాయం.

పాప పేరు, ఫొటో, ఫిర్యాదు వాట్సాప్‌లో ఎవరికీ పంపకు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. పిల్లల వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. పాపకు ఇంకా భయం ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయి. ఫిర్యాదులో ఎక్కడైనా లైంగిక వేధింపు ఉందంటే ఇక భాష గురించి మాట్లాడే పనే లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. ఔట్‌సోర్సింగ్ అని మినహాయింపు లేదు.

మార్చిలో రెన్యువల్‌కు ఏ ఇబ్బందీ రాదని నేను మాట ఇవ్వలేను. అబద్ధం చెప్పి నీకు ధైర్యం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. కానీ నేను చెప్పిన వాటిలో ఏదీ ఎదురు తిరగడం కిందికి రాదు, అన్నీ నీ ఉద్యోగంలో భాగమే. నీది తప్పా అని అడిగావు. మార్చడం తప్పే. నిద్ర పట్టకపోవడం మంచిదే. ఆ జిరాక్సు ఈ వారమే పంపు.

ప్రశ్న: నివేదికల నిండా ‘ఆరోపణ’, ‘అని తెలుస్తోంది’, ‘ఉండవచ్చు’ అనే మాటలే. ఇంత పిరికితనం ఎందుకు? కొట్టారంటే కొట్టారని రాయలేరా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ కోపం న్యాయమే, కానీ ‘ఆరోపణ’ను నేను వెనకేసుకొస్తాను. ఆ మాట వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడాలి. ‘ఫలానా అధికారి కొట్టాడని మృతుని భార్య ఆరోపించింది’ అంటే మంచి వాక్యం. చెప్పింది ఎవరు, ఏమని చెప్పారు, రెండూ ఉన్నాయి. రాసినవాడు కళ్లతో చూడలేదు కాబట్టి చూసినట్టు రాయలేదు. ‘ఆరోపిత గాయములు’ అని రాస్తే మాత్రం నేను ఒప్పుకోను. గాయం బల్ల మీద ఉంది, చేతితో తాకొచ్చు. ఎవరు చేశారన్నది అనుమానం కావచ్చు, గాయం ఎట్లా అనుమానం అవుతుంది? చూడనిదాని దగ్గర పెట్టాల్సిన సందేహాన్ని చూసినదాని మీదకి జరపడంలోనే మోసం అంతా ఉంది.

ఈ జాగ్రత్త ఎంత పద్ధతిగా ఉండొచ్చో చెప్పే పత్రం ఒకటుంది, ఇస్తాంబుల్ ప్రొటోకాల్ అంటారు. చిత్రహింసల గుర్తులను డాక్టర్లు, లాయర్లు ఎలా నమోదు చేయాలో చెప్పే ఈ పత్రాన్ని 1999లో ఐక్యరాజ్యసమితికి సమర్పించారు, 2022లో సవరించారు. బాధితుడు చెప్పినదానికీ ఒంటి మీది గుర్తుకూ పొంతన ఎంత ఉందో ఐదు మెట్లలో చెప్పమంటుంది. మొదటి మెట్టు, పొంతన లేదు. తర్వాత, పొంతన ఉంది కానీ ఇంకా చాలా కారణాల వల్ల కూడా రావచ్చు. ఆపైన, బాగా పొంతన ఉంది, వేరే కారణాలు తక్కువ. నాలుగోది, ఇలాంటి హింసలో మామూలుగా కనిపించే గుర్తే. చివరిది, ఇంకే రకంగానూ వచ్చే గుర్తు కాదు. ఇందులో పిరికితనం ఎక్కడుంది? డాక్టరు తనకు తెలిసినంతవరకు వచ్చి ఆగుతాడు, అంతకుముందే ఆగిపోడు. అరికాళ్ల మీద కొట్టడం గురించి అందులో ప్రత్యేకంగా ఉంది. వాపు ఎలా వస్తుంది, తర్వాత నడక ఎలా మారుతుంది అని రాశారు. రిటైరయ్యాక అది చదువుతుంటే ఆ తల్లి నా కొంగు పట్టుకున్నట్టే అనిపించింది. పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాను.

మీకు కోపం రావాల్సింది ఇంకో చోట మాస్టారూ. ఇంట్లో మనమెవరమూ ‘కొట్టబడ్డాడు’ అనం. ఈ ‘బడు’ ఆఫీసు తెలుగులోనే బతుకుతుంది, ఎందుకంటే దానికి కర్త అక్కర్లేదు. ‘చంపారు’ అంటే ఎవరు అని అడుగుతారు. ‘ఎదురుకాల్పుల్లో మృతి చెందారు’ అంటే ఎవరూ అడగరు, వానకు గోడ కూలినట్టే ఉంటుంది. మన జిల్లాల్లో రెండు మూడు తరాలు ఆ వాక్యం చదువుతూ పెరిగాయి. ఒకప్పుడు ఎన్‌కౌంటర్ జరిగితే చనిపోయినవాళ్లనే ముద్దాయిలుగా చూపి, పోలీసుల మీద హత్యాయత్నం చేశారని కేసు కట్టి, ముద్దాయి మరణించాడు కనుక కేసు ముగిసింది అని మూసేసేవారు. తన చావు కేసులో తానే ముద్దాయి! పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబర్‌లో ఈ పద్ధతిని తప్పుపట్టింది. 1997 మార్చి 29న కమిషన్ ఛైర్మన్ జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ముఖ్యమంత్రులకు లేఖ రాసి, ఇలాంటి చావులను వేరే సంస్థతో దర్యాప్తు చేయించాలని చెప్పారు. ఆ సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన బాలగోపాల్ మన కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పినవారే.

ప్రశ్న: మా ఊళ్లో ఏ కోడలు చనిపోయినా పేపర్లో ‘కడుపునొప్పి తాళలేక’ అని వస్తుంది. నిజంగా ఇంతమందికి కడుపునొప్పి ఉంటుందా?
– గృహిణి, నర్సంపేట

జవాబు: ఉండదు చెల్లీ. ఆ మాట స్టేషన్లో ఇచ్చే మొదటి దరఖాస్తులో పుడుతుంది. ఇంటి పరువు, కేసు భయం, పిల్లలను ఎవరు చూస్తారన్న బెంగ, పెద్దమనుషుల రాజీ, ఇవన్నీ కలిసి కడుపునొప్పి అవుతాయి. విలేకరి దాన్నే ఎత్తి రాస్తాడు. పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడమనిషి అనుమానాస్పదంగా పోతే పంచనామాకు తహసీల్దారు వెళ్లడం మన దగ్గర పద్ధతి. అట్లా నేను చాలా ఇళ్లకు వెళ్లాను. కడుపునొప్పి అని చెప్పిన ప్రతి ఇంట్లో ఒకటే అడిగేదాన్ని: ‘ఏ డాక్టరుకు చూపించారు, మందుల చీటీ తెండి.’ చాలాసార్లు చీటీ రాలేదు. ‘మందుల చీటీ అడుగగా చూపలేకపోయినారు’ అని రాసేదాన్ని. నా తీర్పు ఏమీ రాయలేదు, అడిగింది, వచ్చింది, రానిది రాశాను. నేను సంతకం పెట్టిన ఏ పంచనామాలోనూ ‘కొన్ని’ అనే మాట లేదు. గాయాలు ఎన్ని ఉంటే అన్ని, అంకె వేసి, బ్రాకెట్లో అక్షరాల్లో కూడా రాయించాను. పాదాలకు గుడ్డ ఉంటే విప్పించాను.

ప్రశ్న: ఇలా భాష తగ్గించడం మన దగ్గరేనా? ఐక్యరాజ్యసమితి నివేదికల్లో కూడా ఉంటుందా? మా సెమినార్‌కు కావాలి.
– ఎం.ఏ. విద్యార్థి, కాకతీయ విశ్వవిద్యాలయం

జవాబు: ఉంటుంది బాబూ, కుర్చీ ఎంత పెద్దదైతే ఒత్తిడి అంత పెద్దది. నీ సెమినార్‌కు కాంగో ‘మ్యాపింగ్ రిపోర్టు’ తీసుకో, అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1993 నుంచి 2003 వరకు కాంగోలో జరిగిన ఘోరాలను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఒక్కొక్కటిగా నమోదు చేసింది. మొత్తం 617 ఘటనలు. 2010 ఆగస్టులో ముసాయిదా ఫ్రాన్స్‌లోని లే మోండ్ పత్రికకు చిక్కింది. హుటూ తెగ శరణార్థులపై రువాండా సైన్యం చేసిన కొన్ని దాడులను కోర్టులో రుజువైతే జాతిహననం అనవచ్చని అందులో ఉంది. రువాండా ప్రభుత్వం మండిపడి, శాంతి పరిరక్షణ దళాల నుంచి తన సైనికులను వెనక్కి పిలుస్తానని బెదిరించింది. అక్టోబర్ 1న అసలు నివేదిక వచ్చేసరికి ఆ మాట చుట్టూ షరతులు, మినహాయింపులు పెరిగాయి.

నువ్వు గమనించాల్సింది ఏమిటంటే, పెద్ద మాట పలచబడింది కానీ 617 ఘటనలు నిలిచాయి. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరి సైన్యం, సుమారు ఎంతమంది అన్నవి అట్లాగే ఉన్నాయి. పెద్ద మాట మీద దేశాలు బేరం ఆడగలవు. ఊరి పేరు, తేదీ మీద బేరం ఆడటం కష్టం. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను విశేషణాల కోసం కొట్లాడవద్దు, వివరాల కోసం కొట్లాడమంటాను. ‘అమానుషంగా’ అన్న మాట కొట్టేస్తే పోనీ. ‘గొళ్లెం’ కొట్టేయనివ్వవద్దు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది కూడా రాయి. పేరు పెట్టడం కూడా కొన్నిసార్లు ప్రాణాలతో కూడిన సంగతే. 1994లో రువాండాలో వంద రోజుల్లో లక్షల మందిని నరుకుతుంటే అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి జాతిహననం అనకుండా ‘జాతిహనన చర్యలు’ అని నెట్టుకొచ్చారు. ఆ మాట ఒప్పుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని భయం. అక్కడ వివరాలు అందరికీ తెలుసు, కావలసింది ఆ మాటే.

దక్షిణాఫ్రికా సంగతి కూడా చూడు. వర్ణవివక్ష కాలపు నేరాల మీద డెస్మండ్ టుటు నాయకత్వంలోని సత్య, సయోధ్య కమిషన్ 1998 అక్టోబర్‌లో నివేదిక ఇచ్చింది. తన గురించి రాసిన భాగం రాకూడదని మాజీ అధ్యక్షుడు డి క్లార్క్ కోర్టుకెళితే, ఆ భాగం మీద నల్లరంగు పూసి అచ్చువేశారు. నాకైతే మెత్తని వాక్యం కంటే ఆ నల్లరంగే నయం అనిపిస్తుంది. ఇక్కడ ఏదో ఉండేది, తీసేయించారు అని చదివినవాడికి తెలుస్తుంది. మెత్తబరచిన వాక్యం ఆ సంగతి కూడా తెలియనివ్వదు.

ప్రశ్న: అక్కా, ఇంద్రవెల్లిలో ఎంతమంది చనిపోయారు? ఇంట్లో మా తాత ఒక లెక్క చెప్పేవాడు, పుస్తకంలో ఇంకోటి ఉంది.
– ఉట్నూరు నుంచి ఒక తమ్ముడు

జవాబు: 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13. పౌరహక్కుల వాళ్లు ఊళ్లు తిరిగి 60 దాకా చెప్పారు, ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. సర్కారు లెక్కలోకి రావాలంటే శవం దొరకాలి, పంచనామా కావాలి. కాలుకో కడుపుకో తూటా తగిలి అడవిలో పడి, ఇంటికి చేరి, ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని అక్కడే పోయినవాడి పేరు ఏ రిజిస్టర్లో ఎక్కుతుంది? 13 అనే అంకె అబద్ధం అని నేను అనడం లేదు. అది దొరికిన శవాల లెక్క, దాన్ని చనిపోయిన మనుషుల లెక్కగా రాశారు. మీ తాత చెప్పిన లెక్క, ఆయనకు తెలిసిన పేర్లు, ఊళ్లు ఇప్పుడే నోటుబుక్కులో రాసి పెట్టు తమ్ముడూ. ఆయన లేకపోతే నానమ్మను అడుగు, పక్కింటివాళ్లను అడుగు.

ప్రశ్న: కమిషన్ నివేదిక ఇచ్చినా ప్రభుత్వం పాటించాలని లేదట కదా. మరి ఏ భాషలో రాస్తే ఏంటి?
– జూనియర్ అడ్వకేట్, కరీంనగర్

జవాబు: నిజమే, 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం మానవ హక్కుల కమిషన్ సిఫార్సు మాత్రమే చేస్తుంది. ప్రభుత్వం నెలలోపు తన అభిప్రాయం, తీసుకున్న చర్య చెప్పాలి. కమిషన్ చేతిలో లాఠీ లేదు, జైలు లేదు, ఉన్నది మాటే. ఆ మాట కూడా నీళ్లు కలిపి ఇస్తే ఇక ఇచ్చినట్టా?

గట్టిగా రాసినవాళ్లు లేరనుకోవద్దు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ హత్యాచారం కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో పోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా కాలనీలో కూడా సంతోషించినవాళ్లున్నారు, వాళ్లతో నేను వాదించలేకపోయాను. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ మాత్రం 2022లో ఇచ్చిన నివేదికలో, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని రాసింది. ‘మృతి చెందారు’ దగ్గర ఆగలేదు. ఆ తర్వాత ఏం జరిగినా ఆ వాక్యం ఉంటుంది, రేపు మీరు ఇంకో కేసులో కోర్టు ముందు చదవొచ్చు. మీ క్లయింట్లకు ఒకటి గుర్తుచేయండి: ఘటన జరిగిన ఏడాదిలోపే మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలి. సంతాపం, రాజీలు, పంచాయితీలు అంటూ చాలామందికి ఆ ఏడాది అట్లాగే గడిచిపోతుంది.

ప్రశ్న: మేడం, నేను కోయ అమ్మాయిని, డిగ్రీ అయింది. మా దగ్గర పోడు భూముల గొడవ మీద విచారణకు వచ్చిన అధికారి ముందు మా పెద్దమ్మలు కోయలో చెప్తే నేను తెలుగులో చెప్పాను. ఒక పెద్దమ్మ ‘నన్ను జుట్టు పట్టి గట్టు దాకా ఈడ్చిండ్రు’ అంది. రాసింది చూస్తే ‘తోపులాట జరిగినది’ అని ఉంది. కింద ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినది’ అని కూడా ఉంది. చదివి వినిపించనే లేదు. మళ్లీ వచ్చే వారం విచారణ ఉంది. ఏం చేయాలి?
– తాడ్వాయి వైపు నుంచి

జవాబు: తల్లీ, ఆ ఆఖరి వాక్యాన్ని నేను నా సర్వీసులో కొన్ని వందల సార్లు రాసి ఉంటాను. చేయి దానంతట అదే రాస్తుంది, చదివినా చదవకపోయినా. అందుకే వచ్చే వారం నువ్వే గట్టిగా అడగాలి. వేలిముద్రకు ముందు ‘సార్, ఒక్కసారి చదవండి, నేను కోయలో చెప్తాను’ అను. ఒక్కో వాక్యం ఆపి పెద్దమ్మకు చెప్పు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపితే అక్కడే ఆపు. ‘తోపులాట’ అంటే ఇద్దరూ తోసుకున్నట్టు. ఆమె చెప్పినదాంట్లో ఈడ్చినవాళ్లు వేరు, ఈడవబడ్డది ఆమె. చూడు, నాకూ ఆ ‘బడు’ వచ్చేసింది, ముప్పై ఏళ్ల అలవాటు. వాళ్లు ఈడ్చారు, ఆమెను ఈడ్చారు, అంతే రాయించు. జుట్టు, గట్టు రెండూ ఉండాలి. గట్టు దాకా ఎన్ని అడుగులో పెద్దమ్మను అడిగి అది కూడా చెప్పు. ఆమె అన్న కోయ మాటను తెలుగు లిపిలో అట్లాగే రాసి, పక్కన అర్థం రాయమను. అది అడగడానికి భయపడకు, నేను తహసీల్దారుగా రెండుసార్లు అట్లా రాయించాను, ఎవరూ కాదనలేదు.

మొదటి వాంగ్మూలం తప్పు అని ఒక తెల్లకాగితం మీద పెద్దమ్మ పేరుతో దరఖాస్తు రాయి, రెండు కాపీలు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకో. రెండో వాంగ్మూలం దగ్గర పెద్దమ్మ వేలిముద్ర పక్కన ‘కోయ నుంచి తెలుగులోకి నేను చెప్పినాను’ అని రాసి నువ్వూ సంతకం పెట్టు. టైమ్ కూడా వేయి.